నాలుగు పొరల నాడా

నీలం అట్ట మీద టీ గ్లాసు పెట్టిందెవరన్న దగ్గర మొదలైంది ఆ ఉదయం గొడవ.

"ఇంట్లో ఇంకెక్కడా చోటే లేనట్టు!" అంటూ గువ్వ ఆ రికార్డు అట్టని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి వెలుతురుకి పట్టి చూసింది. అట్ట మీద పడవ బొమ్మ. పడవ పక్కన, నీళ్ళకి కాస్త పైన, గుండ్రంగా తడి మరక. చేతిరుమాలు పెట్టి అద్దింది. మరక పోలేదు సరికదా, కాగితం ఉబ్బి పైకి లేచింది.

"గ్లాసేగా పెట్టింది, గుండ్రాయి పెట్టలేదుగా" అన్నాడు అన్నయ్య, చొక్కా గుండీలు పెట్టుకుంటూ. "అయినా బాగానే ఉంది. ఇన్నాళ్ళూ పడవ ఉంది, చందమామ లేడు. ఇప్పుడొచ్చాడు."

"నీ బొంద చందమామ."

"అదిగో, పాటల ఎంపికకి పోతున్న నోరు."

అద్దం ముందు గడ్డం గీసుకుంటున్న నాన్న బ్లేడు ఆపి ఇటు తిరిగాడు. సగం మొహం నురగ. "ఒరేయ్, ఇవాళ దాన్ని ఏడిపించకు. గొంతు బొంగురుపోతుంది."

"ఇంకా పోవడానికేముంది నాన్నా అక్కడ?"

నాన్నకి నవ్వొచ్చింది గానీ, నురగ నోట్లోకి పోతుందని పెదవులు బిగించాడు. గువ్వ అన్న పేరు పెట్టింది ఆయనే. పసిపిల్లగా ఉన్నప్పుడు ఏడ్చినా గువ్వ కూసినట్టు లోపల్లోపలే ఉండేదట. పదిహేడేళ్ళొచ్చినా ఆ గొంతు అలాగే ఉంది. ఫోన్లో మాట్లాడితే అవతలివాళ్ళు "బాబూ" అంటారు.

అమ్మ పెదవుల మధ్య గుండుసూదులు ఉన్నాయి. కుట్టుమిషను ముందు కూర్చుని బడిపిల్లల గౌను మెడకి పట్టీ బిగిస్తోంది. సూదులన్నీ ఒక్కొక్కటే తీసి గుడ్డకి గుచ్చి, నోరు ఖాళీ అయ్యాక అంది: "ఇద్దరూ కలిసి ఇక ఆ అట్టకి కూడా గలీబు కుట్టించేటట్టున్నారు నాచేత."

గువ్వ రికార్డుని కాగితపు సంచిలోంచి తీసి, అంచులు మాత్రమే పట్టుకుని పళ్ళెం మీద పెట్టి, ముల్లు దించింది.

ఇంట్లో ఉన్నవి నాలుగే ఆల్బమ్‌లు. అమ్మ దగ్గర బట్టలు కుట్టించుకునే ఒక టీచరమ్మ ఊరు మారుతూ, ప్లేయరుతో సహా ఇచ్చేసి వెళ్ళినవి. పాడినవాళ్ళ పేర్లు అట్టల వెనక ఉన్నా ఇంట్లో ఎవరూ ఆ పేర్లతో పిలవరు. నీలం అట్ట, గడ్డం ఆయన, వయొలిన్, చిరుగు అట్ట. నీలం అట్టలో పాడిన ఆవిడది నిండు గొంతు. ఒక పాదం అయ్యాక ఇంకో పాదం ఎత్తుకునే ముందు ఆగుతుంది, ఊపిరి తీసుకోవడం వినిపిస్తుంది. గువ్వ చిన్నప్పటినించీ అక్కడే తనూ ఊపిరి తీసుకునేది. ఆవిడ లావుగా, పెద్ద వయసులో, దేనికీ తొందరపడని మనిషై ఉంటుందని ఊహించుకుంది. గడ్డం ఆయన షాపు కట్టేసి ఒక్కడే ఇంటికి నడిచి వెళ్తున్నట్టు పాడతాడు. వయొలిన్ రికార్డులో గీత పడి మొదటినించి చివరిదాకా టిక్కు టిక్కుమంటుంది. ఇంకెక్కడైనా వయొలిన్ విన్నప్పుడు ఆ టిక్కు లేకపోతే ఆమెకి ఉప్పు వెయ్యడం మర్చిపోయినట్టుండేది. చిరుగు అట్టలో పదిమంది కలిసి పాడిన పాటలు. అందులో పైన వినిపించే గొంతుల్ని వదిలేసి, కింద వినీ వినపడకుండా నడిచే గొంతులు వెతుక్కుని వాటి వెంట వెళ్ళేది.

అలా ఆమెకొక రుచి ఏర్పడింది. ఆగడం తెలిసిన పాట మంచి పాట. రేడియోలో పాటలు ఆమెకి నచ్చవు. అవే పాటలు రేడియోలో వచ్చినా, బస్సు దాటిపోతుందన్నట్టు, ఎవరో వెనకనించి తోస్తున్నట్టు, సన్నటి గొంతుతో గబగబా అయిపోతాయి. దీనికి నాన్న ఏనాడో కారణం చెప్పాడు. "రేడియోవాళ్ళకి వార్తల టైము దాటకూడదు కదా. అందుకని వాళ్ళ కోసం వేరేగా, తొందరగా పాడించుకుంటారు." కళ్ళద్దాల షాపులో అద్దాలు అరగదీసే మనిషి. వెంట్రుకవాసి తేడా కూడా వేలితో తడిమి చెప్పగలడు. ఆ చేత్తో ఆయన చెప్పిన మాట ఇంట్లో ఎవరూ కాదనలేదు.

రికార్డు పాడుతోంది. కుట్టుమిషను చక్రం తిప్పుతూ అమ్మ కూడా అందుకుంది. అమ్మది కూడా గువ్వ గొంతే, ఇంకా కాస్త ముతక. రికార్డులో ఆవిడా, అమ్మా ఒకే గదిలో కూర్చుని పని చేసుకుంటున్న అక్కచెల్లెళ్ళలా కలిసి వెళ్తారు. గొంతు బాగా పైకెక్కే పై పాదం దగ్గర అమ్మ కాలు తొక్కుడు నెమ్మదిస్తుంది, సూది కూడా ఆగుతుంది. ఆవిడ ఊపిరి తీసుకున్నాక మళ్ళీ ఇద్దరూ, సూదితో సహా, కదులుతారు.

గువ్వ చెప్పులు వేసుకుంటుంటే అమ్మ గుమ్మం దాకా వచ్చింది. మెడలో కొలతల టేపు అలాగే ఉంది.

"పై పాదం దగ్గర తొందరపడకు. ఆవిడ ఆగుతుంది కదా, నువ్వూ ఆగు."

"తెలుసమ్మా."

"అక్కడ శ్రుతి వాళ్ళే ఇస్తారా, నిన్నే ఎత్తుకోమంటారా?"

"ఏమో. ఎందుకు?"

అమ్మ టేపు కొసని వేలికి చుట్టి విప్పింది. "ఏం లేదు. నేనే ఎత్తుకుంటానండీ అని అడుగు."

*

ఊరి పాటల బృందం సాధన చేసేది గ్రంథాలయం పై అంతస్తులో. పొడవాటి గది, మడత కుర్చీలు, గోడకి ఆనించి ఒక అద్దాల బీరువా. రేడియోలో నెలకొకసారి పాడే బృందమది. అందులో చేరాలని వచ్చిన పిల్లలు గోడ పక్కన వరసగా కూర్చున్నారు. సంగీతం మాస్టారు పొట్టిగా, శుభ్రంగా, జేబులో రెండు పెన్నులతో ఉన్నారు. హార్మోనియం ముందు ఒకావిడ, మోకాలి మీద ఉన్ని శాలువా మడిచి పెట్టుకుని కూర్చుంది.

గువ్వ వంతు వచ్చింది. పాట పేరు చెప్పగానే మాస్టారు మొహం విప్పారింది. "ఆ పాటా! ఇప్పటి పిల్లలకి ఆ పాట ఎవరికి తెలుసమ్మా. కానీ, కానీ."

అమ్మ చెప్పింది గుర్తుంది. నేనే ఎత్తుకుంటానండీ అనాలి. కానీ ఆ మాట నోటిదాకా వచ్చేలోపే హార్మోనియం ఆవిడ మెట్టు నొక్కేసింది. సన్నగా, పైన, కీచుమంది. ఇది పాటకి సంబంధం లేని ఏదో స్వరం, సరిచూసుకుంటున్నారు కాబోలు అనుకుంది గువ్వ. ఆ స్వరాన్ని పక్కనపెట్టి, పొద్దున విన్నచోట, తనకి అలవాటైన చోట ఎత్తుకుంది.

ఒక్క పాదం కూడా పూర్తికాలేదు. గోడ పక్కన ఎవరో కిసుక్కున నవ్వారు.

"ఆగమ్మా. శ్రుతి విను. మళ్ళీ."

మళ్ళీ అదే మెట్టు. ఈసారి దాన్ని పట్టుకునే ఎక్కింది. మొదటి పాదం ఎలాగో గట్టెక్కింది. రెండోదానికి గొంతు సన్నబడింది. పై పాదం దగ్గరికొచ్చేసరికి గొంతు రెండుగా చీలి, సగం గాలీ సగం కూతా బయటికొచ్చాయి. ఊపిరి కోసం ఆగాల్సిన చోట ఆగింది. హార్మోనియం ఆగలేదు, ముందుకెళ్ళిపోయింది. ఎర్ర రిబ్బను కట్టుకున్న పిల్ల రుమాలు నోట్లో కుక్కుకుంది.

హార్మోనియం ఆవిడ చేతులు తీసేసి, "కిందికి దించి చూడనా మాస్టారూ?" అంది మెల్లగా.

"ఎందుకు? బృందం శ్రుతి ఇదే కదా." మాస్టారు గువ్వ వైపు తిరిగారు. గొంతులో కోపం లేదు. "ఎవరమ్మా నీకు నేర్పింది?"

"ఎవరూ లేరండీ. రికార్డు విని నేర్చుకున్నాను. మా ఇంట్లో ఉంది, నీలం అట్టది."

"రికార్డులో ఇలా లేదే."

"ఇలాగే ఉందండీ."

ఎదురు చెప్పిందని కాదు గానీ, ఆయనకి నిజంగానే తేల్చాలనిపించినట్టుంది. బీరువా తెరిచి వెతికి, ఒక అట్ట బయటికి లాగారు. అదే పడవ, అదే నీళ్ళు, మరక లేదంతే. గదిలో ఉన్న ప్లేయరు మీద పెట్టారు.

ఎవరో పడుచుపిల్ల పాడుతోంది. గొంతు సన్నగా, మెరుస్తూ, హడావిడిగా ఉంది. మాటలు అవే, వరస అదే. పై పాదం దగ్గర ఊపిరి తీసుకుందో లేదో తెలియకుండానే దాటేసింది.

గువ్వకి ఒక్క క్షణం ఏం అర్థంకాలేదు. తర్వాత అర్థమైందనుకుని, నమ్మకంగా అడిగింది: "ఇది రేడియోదాండీ?"

"రేడియోదేంటి?"

"రేడియో కోసం వేరేగా, తొందరగా పాడిస్తారు కదండీ. వార్తల టైము దాటకుండా."

ఈసారి నవ్వు గది మొత్తానికీ పాకింది. మాస్టారు కూడా నవ్వారు, తర్వాత చెయ్యెత్తి అందర్నీ ఊరుకోబెట్టారు. "ఎవరు చెప్పారమ్మా నీకిది? పాట ఒకటే ఉంటుంది. మీ ఇంట్లో మిషనేదో ముసలిదై మూలుగుతోంది. దాన్ని చూసి నువ్వూ మూలగడం నేర్చుకున్నావు."

గువ్వ తన చెప్పుల వైపు చూసుకుంది. తప్పు మిషనుది కాదు, నాన్నది కాదు, తన గొంతుదే అని ఎవరైనా అన్నా బాగుండుననిపించింది.

వెళ్ళబోతుంటే ఆయన మళ్ళీ పిలిచారు. ఆమెని కిందినించి పైదాకా చూశారు. "పొడుగ్గా ఉన్నావు. వెనక వరసలో కొసన ఒక మనిషి తక్కువైంది, చూడ్డానికి వంకరగా ఉంటోంది. వచ్చి నిలబడు. పాడొద్దు. పెదవులు కదిపితే చాలు. పాడేవాళ్ళ మధ్య నిలబడితే మెల్లగా నీకే అబ్బుతుంది. చేరతావో లేదో శనివారం వచ్చి చెప్పు."

ఆయన దాన్ని సాయంగానే అనుకున్నారు. మొహంలో తెలుస్తోంది. అందుకే కాదనలేక, "సరేనండీ, థాంక్సండీ" అంది.

*

ఇంట్లో పెదవుల సంగతి చెప్పలేదు. "మన ప్లేయరు తప్పుగా పాడుతోందట. శనివారం మళ్ళీ రమ్మన్నారు" అని మాత్రం చెప్పింది. రెండు మాటలూ నిజమే, మధ్యలో ఉన్నదే మింగేసింది.

నాన్న అన్నం కలుపుతున్న చెయ్యి ఆపేశాడు. "తప్పుగానా? అంటే ఇన్నేళ్ళూ..."

"అంటే ఇన్నేళ్ళూ రేడియోవాళ్ళు నిజమే పాడారు, మీరే వార్తలు చదివారు నాన్నా" అన్నాడు అన్నయ్య.

నాన్న ఆ ఎగతాళి పట్టించుకోలేదు. ఆయన మొహం చిన్నబోయింది. "నేనే కదా చెప్పింది దానికి. కంటికైతే అద్దం పెట్టి చూస్తాను. చెవికి ఏ అద్దం పెట్టను?" అని, "రేపు సెలవు పెడతా. రిపేరు చేయిద్దాం" అన్నాడు.

"రిపేరెందుకు?" అంది అమ్మ. అంత గబుక్కున అమ్మ మాట్లాడటం అరుదు. "బాగానే పాడుతోందిగా."

"బాగా పాడితే పిల్ల ఇలా వస్తుందా?"

"పాతది. విప్పితే మళ్ళీ పట్టదు."

"నువ్వు ఊరుకో. గుడ్డ సంగతి నువ్వు చూడు, మిషను సంగతి నన్ను చూడనీ."

అమ్మ ఖాళీ అయిన గిన్నెనే గరిటెతో గీకుతూ ఉండిపోయింది.

మర్నాడు రేడియో రిపేరాయన షాపులో, వైర్లు వేలాడుతున్న బల్ల ముందు, నాన్నా గువ్వా స్టూళ్ళ మీద కూర్చున్నారు. రిపేరాయన ముందు రికార్డు పెట్టి కాసేపు విన్నాడు. తల అడ్డంగా ఊపాడు. మోటారు దగ్గర చెవి పెట్టి, "దీనికేం రోగం లేదే" అన్నాడు. పైపళ్ళెం ఎత్తి తిరగేశాడు. పళ్ళెం అడుగున, బెల్టు పట్టుకుని తిరిగే వలయం చుట్టూ, మురికిపట్టిన తెల్లటి పట్టీ ఒకటి ఉంది.

"ఇదీ సంగతి. ఎవరో నాడా చుట్టారండీ. చక్రం లావైతే తిరుగుడు మందగిస్తుంది. అందుకే దిగిపోయింది పాట."

"అది కంపెనీవాళ్ళే వేసుంటారేమో" అన్నాడు నాన్న.

"కంపెనీవాళ్ళు గుడ్డ వేస్తారాండీ! ఇది చూడండి, ఎంత పకడ్బందీగా కుట్టారో. ఎక్కడా ఉబ్బు లేదు, కొసలు కూడా కనపడటం లేదు. తెలిసి చేసిన పని."

నాన్న జేబులోంచి భూతద్దం తీసి వంగి చూశాడు. "నిజమే, మంచి కుట్టు" అని మెచ్చుకున్నాడు.

గువ్వకి భూతద్దం అక్కర్లేకపోయింది. గుడ్డ మడతలోకి దారం దూరిపోయి, పైకి ఆవగింజంత మాత్రమే తేలే కుట్టు. ప్రతి కుట్టూ పక్కదానికేసి రవ్వంత వాలి ఉంటుంది. వంగి చూస్తున్న నాన్న చొక్కా కాలరు అంచున ఉన్నదీ అదే. ఆమె గౌను చేతులకి ఉన్నదీ అదే. పుట్టినప్పటినించీ ఒంటి మీద ఉన్న కుట్టది.

కొయ్యద్దండీ అనాలి. అంటే ఎందుకని అడుగుతారు. ఎందుకో చెప్పాలంటే అమ్మ పేరు చెప్పాలి. నాన్న ఆ కుట్టుని ఇంకా మెచ్చుకుంటూనే ఉన్నాడు. గువ్వ నోరు తెరిచేసరికి బ్లేడు నాడాలోంచి దిగిపోయింది. అది వలయం మీంచి విడివడి, చుట్టు గుర్తు పోగొట్టుకోకుండా, బల్ల మీద వంపు తిరిగి పడింది. రిపేరాయన చెత్తబుట్టలో వెయ్యబోతే గువ్వ చెయ్యి చాచింది.

"ఎందుకే అది?" అన్నాడు నాన్న.

"ఊరికే."

పాత బెల్టు సాగిపోయిందని రిపేరాయన కొత్తది వేశాడు. బిగుతుగా, మెరుస్తూ ఉంది. ఇంటికొచ్చే దారంతా ప్లేయరుని చంటిపిల్లని ఎత్తుకున్నట్టు ఎత్తుకుని నాన్న నడిచాడు. గువ్వ జేబులో నాడాని పిడికిట్లో నలుపుతూ వెనక నడిచింది. అమ్మ మీద కోపం అంతకంతకూ పెరిగింది. కావాలనే చేసింది. తెలిసే, ఆ తప్పు పాట నేర్పి, తొందరపడకు ఆగు అని చెప్పి మరీ పంపింది.

*

నాన్న నీలం అట్టతోనే మొదలుపెట్టాడు. ముల్లు దించి, చేతులు కట్టుకుని, పెళ్ళిచూపుల్లో కూర్చున్నట్టు కూర్చున్నాడు.

"అబ్బ! ఇప్పుడొచ్చింది దానికి ప్రాణం" అన్నాడు అన్నయ్య. ఎగతాళికి కాదు, నిజంగానే అన్నాడు.

"చూశావా మరి!" నాన్న మొహం వెలిగిపోయింది. "ఒసేయ్, విన్నావా?"

"వింటున్నా" అంది అమ్మ, తలెత్తకుండా.

మిషను చక్రం తిరుగుతోంది. పాట మొదటి పాదం దాటింది. అలవాటుకొద్దీ అమ్మ గొంతు అందుకుంది. రెండు మాటలు వెళ్ళిందో లేదో, మెట్టు తప్పినదానిలా ఆగింది. దగ్గొచ్చినట్టు దగ్గింది. మళ్ళీ ప్రయత్నించలేదు. పై పాదం దగ్గర కూడా అమ్మ కాలు ఆగలేదు, సూది టకటకా గుడ్డ మీద పరిగెత్తింది.

ఆ రోజునించి ఇంట్లో అమ్మ పాట లేదు. నాన్న పొద్దునా సాయంత్రం రికార్డులు పెట్టాడు. గడ్డం ఆయన కుర్రాడని తేలింది. షాపు కట్టేసి నడిచి వెళ్ళడం లేదు, ఎవరికో వినపడాలని అరుస్తున్నాడు. వయొలిన్ రికార్డులో టిక్కు, కీలు ఊడిన తలుపు గాలికి కొట్టుకున్నట్టు, గబగబా కొట్టుకుంది. చిరుగు అట్టలో కింద నడిచే గొంతులు పైకి లేచి అందరిలో కలిసిపోయాయి. ఎంత వెతికినా గువ్వకి దొరకలేదు. నాలుగు అట్టలూ అవే బొమ్మలతో అరలో నిలబడి ఉన్నాయి. లోపలివాళ్ళు మాత్రం ఇల్లు ఖాళీ చేసి వెళ్ళిపోయారు. పోయారని చెప్పుకోవడానికి కూడా లేదు, ఎందుకంటే వాళ్ళు ఎప్పుడూ లేరు.

గురువారం మధ్యాహ్నం నాన్నా అన్నయ్యా లేనప్పుడు, గువ్వ ఆ నాడా తీసుకెళ్ళి మిషను మీద, అమ్మ చేతి పక్కన పెట్టింది.

అమ్మ కాలు ఆగింది. నాడాని తీసుకుని, బొటనవేలి గోటితో అంచు విడదీసి చూసింది. "నాలుగు పొరలు. మూడు వేస్తే సరిపోలేదు."

"ఎందుకు చేశావమ్మా?"

"పై పాదం నాకు అందేది కాదు." అమ్మ మాట ఎప్పట్లాగే, కొలతలు చెప్తున్నట్టే ఉంది. "మీ అన్నయ్య చంకలో ఉండేవాడు. పొద్దస్తమానం ఒక్కదాన్నే కుట్టుకుంటూ కూర్చునేదాన్ని. ఆవిడ బాగా పాడేది. కలిసి పాడదామంటే నన్ను వదిలేసి పైకి వెళ్ళిపోయేది. గౌను పొడుగైతే ఏం చేస్తాం, లోపలికి మడిచి కుట్టుకుంటాం కదా. అలాగే అనుకున్నాను."

"నాకు చెప్పొచ్చుగా! అక్కడ అందరూ నవ్వారు. రేడియోదా అని అడిగాను. ఎంత నవ్వారో తెలుసా?"

"ఏమని చెప్పను? నాకు అందక పాటని కోసి కుట్టుకున్నానని చెప్పనా?" అమ్మ నాడా వంక చూస్తూనే ఉంది. "నేను పాడుకోవడానికి చేసుకున్నాను. నువ్వు వింటూ పెరుగుతావనుకోలేదు."

గువ్వ కోపం కోసం వెతుక్కుంది. దారంతా పెంచుకుంటూ తెచ్చిన కోపం, తీరా అవసరమయ్యేసరికి చేతికి అందలేదు. కుర్చీ లాక్కుని కూర్చుంది. అప్పుడు చెప్పింది, వెనక వరస సంగతీ, పెదవుల సంగతీ. పూర్తిగా, వంకరగా ఉంటోందన్న మాటతో సహా.

అమ్మ విన్నది. డ్రాయరు లాగి కొత్త నాడా చుట్ట తీసింది, సూదిలో దారం ఎక్కించింది. "పళ్ళెం తియ్యి."

గువ్వ పళ్ళెం ఎత్తి తిరగేసి ఒళ్ళో పెట్టుకుంది. అమ్మ నాలుగు చుట్లూ చుట్టి, కొస లోపలికి మడిచి, వంపు సూదితో ఆవగింజ కుట్లు వేసింది. బెల్టు ఎక్కించబోతే ఎక్కలేదు. ఇద్దరూ చెరోవైపూ లాగి ఎలాగో ఎక్కించారు. స్విచ్చి వేస్తే మోటారు గుర్రుమంది. పళ్ళెం కొంచెం తిరిగి, ఆగి, వెనక్కి తగ్గి, మళ్ళీ ఊగింది. పాట వాంతి చేసుకుంటున్నట్టు వచ్చింది. మూడు పొరలు చేశారు. రెండు చేశారు. రెండింటికి తిరిగింది గానీ, పాదం మధ్యలో సాగి, మళ్ళీ పరిగెత్తి, తాగినవాడి నడకలా ఉంది. రబ్బరు కాలిన వాసన వచ్చింది.

"కొత్త బెల్టు. బిగువెక్కువ" అంది అమ్మ. "వదులుది తెచ్చి మారుద్దామన్నా, మీ నాన్న కనిపెడతారు. చూశావుగా, ఎంత సంబరంగా ఉన్నారో. షాపుకొచ్చిన ప్రతివాళ్ళకీ చెప్తున్నారట."

చిన్న కత్తెర తీసుకుని తను వేసిన కుట్లు తనే ఒక్కొక్కటీ విప్పింది. గువ్వ దారపు ముక్కల్ని నేల మీంచి తడి వేలితో అద్ది ఏరింది. నాన్న వచ్చేసరికి ప్లేయరు దాని చోట, బాగుపడినట్టే ఉంది.

*

శుక్రవారం రాత్రి భోజనాల దగ్గర నాన్న మంచి హుషారులో ఉన్నాడు. "రేపు నేనూ వస్తా ఎంపికకి. కిందే నిలబడతాలే, పైకి రాను" అన్నాడు.

"మీరొస్తే మాస్టారికి కళ్ళపరీక్ష చేసేస్తారు" అన్నాడు అన్నయ్య.

"చేస్తే తప్పేంటిరా? మా గువ్వని చూడ్డానికి మంచి అద్దాలే కావాలి." నాన్న గువ్వ కంచంలో కూర వేశాడు. "ఏమ్మా, ఇప్పుడు బాగా పట్టుబడిందా? మిషను సరిగ్గా పాడుతోందిగా."

గువ్వ అన్నం మెతుకుల్ని కంచం అంచు మీద వరసగా పేరుస్తోంది. "నేను రేపు వెళ్ళడం లేదు నాన్నా."

"అదేంటి?"

"వెళ్ళను. అంతే."

"అంతే అంటే? సెలవు పెట్టి, బాగుచేయించి..." నాన్న గొంతులో కోపం కంటే అయోమయం ఎక్కువగా ఉంది. ఎంతగా అరగదీసినా చట్రంలో పట్టని అద్దాన్ని చూస్తున్నట్టు కూతుర్ని చూశాడు. "ఇంకా ఏం బాగుచెయ్యాలో చెప్పు, చేయిస్తా."

గువ్వ తలెత్తి అమ్మ వైపు చూసింది. సాయం అడగాలని కాదు. సంగతి తెలిసినవాళ్ళు ఇంకెవరూ లేరు.

అమ్మ గరిటెని గిన్నెలో పెట్టి, గిన్నె మీద మూత పెట్టింది.

"ఆ నాడా చుట్టింది నేను" అంది.

అన్నయ్య నోటిదాకా వెళ్ళిన ముద్ద ఆగిపోయింది. నాన్న అర్థంకానట్టు నవ్వబోయాడు. "ఏ నాడా?"

"మీరు భూతద్దంతో చూసిందే. మిషనుకి ఎప్పుడూ ఏ జబ్బూ లేదు. ఆ పాట నాకు అందక నేనే దించుకున్నాను. పిల్ల గొంతూ నా గొంతే. మీరు బాగుచేయించినా అది పైకి పోదు." అమ్మ ఆగింది. సరిగ్గా పై పాదం ముందు ఆగేంతసేపు. "అక్కడ దాన్ని పాడమనడం లేదు. వెనక వరసలో నిలబడి పెదవులు కదపమన్నారట. వరస వంకర పోకుండా."

నాన్న ఎడమచెయ్యి తన చొక్కా కాలరు మీదికి వెళ్ళింది. అంచుని వేలితో తడిమాడు, కుట్టు దగ్గర ఆగాడు, అక్కడే ఉంచేశాడు.

"ఇన్నేళ్ళూ..." అన్నాడు.

"ఇన్నేళ్ళూ."

"నాకు చెప్పలేదే."

"మీరు అడగలేదు. రేడియోవాళ్ళదే తప్పన్నారు, పోనీలెమ్మని ఊరుకున్నాను."

అన్నయ్యకి నవ్వు రావలసిన చోటే. అతను నవ్వలేదు.

అమ్మ మూత మళ్ళీ తీసి, నాన్న కంచంలో అన్నం పెట్టి, చెయ్యి కడుక్కుని వచ్చి కూర్చుంది. గౌనుకి పట్టీ ఎక్కడ వెయ్యాలో చెప్పే గొంతుతోనే చెప్పింది. "రేపు గువ్వతో నేను వెళ్తున్నాను. మీరెవరూ రావద్దు. శ్రుతి దించి ఒక్కసారి పాడనివ్వమని ఆయన్ని అడుగుతాను."

"దించరమ్మా" అంది గువ్వ. "ఆ హార్మోనియం ఆవిడ అడిగింది. బృందం శ్రుతి ఇదే అన్నారు."

"దించరని నాకూ తెలుసు."

"మరి?"

"అడగడానికి వెళ్తున్నాం. దించకపోతే ఇద్దరం నడుచుకుంటూ వచ్చేస్తాం. పెదవులు కదపడానికైతే నువ్వు అంతదూరం పోనక్కర్లేదు." అమ్మ గువ్వ కంచం అంచు మీది మెతుకుల వరసని వేలితో లోపలికి తోసింది. "తిను. చల్లారిపోతోంది."